పెండ్లికొడుకు చాకు

“బంగారు రంగు వద్దు,” అని నేత్ర ఆ మడత చాకును మూసి గాజు బల్ల మీద పెట్టేసింది. “గోకితే పోయే రంగు మాకెందుకప్పా?”

గిరీశ్‌కు మనసు చివుక్కుమంది. చింతామణి బజారులో కొడవళ్లు, చాకులు అమ్మడం అతనికి తండ్రి కాలం నుంచీ ఉన్న పని. మనిషి మొహం చూసి ఏ రంగు నచ్చుతుందో చెప్పేస్తానని అతని ధీమా. ఈ పిల్ల చేతుల నిండా గోరింటాకు, జడలో కనకాంబరాలు. బంగారు రంగు కాక ఇంకేం కావాలంటుంది?

“పెండ్లికొడుకు చేతికి కదమ్మా. మొనకు నిమ్మకాయ గుచ్చి ఫొటోలు తీస్తారు. మెరుస్తాండాల.”

“ఫొటోలు ఒక పూటకే. పెండ్లయినాక ఆయన దీన్ని జేబులో ఏసుకుని ద్రాక్షతోటకు పోవాల.”

గిరీశ్ నల్లది తీశాడు. అలుగు, పిడి, స్క్రూలు, జేబుకు తగిలించే క్లిప్పు అన్నీ మసక నలుపే. “బెంగళూరు పిల్లకాయలు ఇదే అడుగుతారు. శుభానికి నలుపు వద్దంటే చెప్పండి.”

“మాకా పట్టింపు లేదు. ఈపక్క పెట్టండి.”

నేత్ర వెనక నిలబడిన తల్లి హనుమక్క చూద్దామని చెయ్యి చాపింది. వెలిసిన బూడిదరంగు చీర, బోసి నుదురు. గిరీశ్ చటుక్కున చాకు వెనక్కి లాక్కున్నాడు.

“ఏమనుకోవద్దమ్మా. పెండ్లి వస్తువు గదా, మీరు ముట్టుకోకుంటేనే మంచిది.”

హనుమక్క చెయ్యి కొంగులోకి పోయింది. నేత్రకు ఒళ్లు మండింది. అతని చేతిలోంచి చాకు లాక్కుని తల్లి చేతిలో పెట్టింది.

“మా అమ్మ ముట్టుకోనిది మాకొద్దప్పా.”

“ఊరుకో నేత్రా, జనం చూస్తాండారు,” అంది హనుమక్క.

“చూడనీ.”

అంతలో ఫోన్ మోగింది. నేత్ర స్పీకర్ పెట్టింది. “బాగేపల్లి నుంచి మా చిన్నాయన. మీరూ వినండి.”

“ఇంటి కత్తి బీరువాలో పెట్టి తాళమేసినా,” అంటోంది అవతలి గొంతు. “మన ఇంట్లో జరిగిన ప్రతి పెండ్లికీ పెండ్లికొడుకులు పట్టిన కత్తి అది. ఆ కెంచార్లహళ్ళివాని చేతికి మాత్రం ఇయ్యను. కత్తి లేకుండా పీటల మీద ఎట్లా కూర్చుంటాడో చూస్తా.”

“పెట్టుకోండి చిన్నాయనా. మేం కొత్తది కొంటాండాము.”

“మా అన్న బతికుంటే ఈ పెండ్లి జరుగుతుండిందా?”

“జరిగేది కాదు. ఆ మాట నిజమే,” అంది నేత్ర నిదానంగా. “ఎల్లుండి నంది గుడిలో ముహూర్తం. వస్తే భోంచేసి పోండి.”

నేత్ర ఫోన్ పెట్టేసింది. గిరీశ్‌కు సంగతంతా అర్థమైంది. పిల్ల కులం కానివాణ్ని చేసుకుంటోంది, తండ్రి లేడు, పెద్దలు అడ్డం పడుతున్నారు. అయినా తలొంచడం లేదు. అతనికి ముచ్చటేసింది. ఇందాకటి తన మాటకు కొంచెం సిగ్గూ వేసింది. లోపలి నుంచి పెద్ద ట్రే తెచ్చాడు. ఎర్ర పిడి, చిలకపచ్చ పిడి, నీలం స్క్రూలు, అద్దంలా పాలిష్ పట్టిన అలుగులు, రాగి రంగు క్లిప్పులు. హనుమక్క చూపు ఎర్రదాని మీద కాసేపు ఆగి, తడబడి నేలకు దిగింది.

“పెండ్లికొడుకుకు ఏ రంగంటే ఇష్టమమ్మా?” అనడిగాడు గిరీశ్.

“ఆయనకు పట్టింపు లేదు. పెండ్లికూతురికి నచ్చిందే పట్టుకుంటానన్నాడు.”

“ఇంకేం మరి,” అని నవ్వుతూ గిరీశ్ ట్రేను నేత్ర ముందుకు తోశాడు. “పెండ్లికూతురికి ఏది నచ్చిందో చెప్పండి.”

“చెప్పమ్మా పెండ్లికూతురా,” అంటూ నేత్ర ట్రేను హనుమక్క ముందుకు జరిపింది.