ఎలుగు ఉయ్యాలకు చెట్లు

కథ చిన్నదే. అయితే ముందు వడ్రంగిపిట్ట ఈరమ్మ గురించి చెప్పాలి. ఆ అడవిలో ఆమె వంక పెట్టని ఇల్లు లేదు. కోతుల కాపురాల సంగతీ ఆమెకే తెలుసు, అది ఇప్పుడొద్దు.

ఎలుగుబంటి గున్నయ్య గుహలో ఆడపులి పిల్లల్ని పెట్టింది. ఇక నేల మీద పడుకుంటే తెల్లారి లేచే నమ్మకం లేదు. విహారానికొచ్చిన వాళ్లెవరో మరిచిపోయిన తాళ్ల ఉయ్యాల పట్టుకుని, చెట్ల కోసం పొద్దుటినుంచీ తిరుగుతున్నాడు.

వాగు పక్కన కట్టాడు.

"పైన వాన పడితే వాగు నీ వీపు కిందికే వస్తుందన్నా" అంది ఈరమ్మ.

నిజమే. విప్పి, గట్టు మీద కట్టాడు.

"తలెత్తి చూడు. ఆ ఎండుకొమ్మ నీ పొట్ట మీదే పడుతుంది."

అదీ నిజమే. ఇప్పచెట్టు దగ్గరికి పోతే ఈరమ్మ ముక్కుతో రెండు దెబ్బలు కొట్టి, లోపలంతా బోలు అని తేల్చింది.

ఈదురుగాలి మొదలైంది. గున్నయ్య ఉయ్యాల భుజాన వేసుకుని ఇంకా లోపలికి నడిచాడు. చివరికి రెండు బలమైన టేకుచెట్లు దొరికాయి. ఈరమ్మ చుట్టూ తిరిగి కొట్టి చూసింది. వంక దొరక్క ముఖం మాడ్చుకుంది. గున్నయ్య ఉయ్యాల ముడి వేస్తూ అడిగాడు:

"మరి నీ ఇల్లు పచ్చి చెట్టేనా ఈరమ్మా?"

"ఎండుదే. పచ్చి మాను తొలిస్తే నా ముక్కేం కావాలి?" అని ఇంటికెళ్లిపోయింది.

ఆ సాయంత్రం గాలికి అడవిలో ఒక్క చెట్టే కూలింది. ఈరమ్మది. ఆమెకేమీ కాలేదు. ఆ సమయానికి ఇంట్లో లేదు. ఉయ్యాల ముడి వదులుగా ఉందని చెప్పడానికి గున్నయ్య దగ్గరికి తిరిగొచ్చి ఉంది.