సాంచాలు ఆపే సంఘం

"తనను తాను మేకుల మీదికెల్లి దించుకోలేనోడు నిన్నేం ఒడ్డుకెక్కిస్తడురా అంబదాస్?"

కుల సంఘం భవనంలో జంపఖానా మీద కూర్చున్నవాళ్లంతా గొల్లుమన్నారు. ఆ మాట అన్న హనుమండ్లు మాత్రం నవ్వలేదు. సంఘానికి పెద్దమనిషి అన్నవాడు నవ్వకూడదు, నవ్వించాలి. వక్కపలుకు బుగ్గలోకి తోసుకుని, గోడమీది మార్కండేయుని పటం కింద ఇంకొంచెం నిటారుగా కూర్చున్నాడు.

అంబదాస్ నిలబడే ఉన్నాడు. అతన్ని కూర్చోమని ఎవరూ అనలేదు. మొన్న మార్కండేయుని ఊరేగింపు ఇంటి ముందుకొస్తే అతను కొబ్బరికాయ కొట్టలేదు. పైగా ఆదివారం ఆదివారం ఇంట్లో యేసు ప్రార్థన పెడుతున్నాడు. ఇలాంటివాణ్ని సంఘంలో ఉంచాలా, తీసెయ్యాలా అన్నది ఈ సాయంత్రం తేలాలి.

తీసెయ్యడమంటే చిన్న సంగతి కాదు. సంఘంలో ఉన్న ఇంట్లో ఎవరు చనిపోయినా, పాడె వాడ దాటేదాకా మరమగ్గాలన్నీ ఆపేస్తారు. పొద్దూ మాపూ చెవులు పగిలేలా మోగే ఈ సాంచాలు ఆ కాసేపు మూగబోతాయి. సంఘం తీసేసిన ఇంటికి ఒక్క సాంచా ఆగదు, ఒక్క భుజమూ రాదు. అంబదాస్ తల్లి పోశవ్వ మంచం పట్టి ఉంది. కొడుకు పెట్టే ప్రార్థనల్లో ఆమె ఎన్నడూ కూర్చోలేదు. బతుకంతా నూలు కండెలు చుట్టిన ఆ ముసలిదానికి మిగిలింది ఒక్కటే కోరిక. తను పోయిన పొద్దు వాడంతా సప్పుడు బందు కావాలి.

బుచ్చిరాములు పెద్దవాడు, మెత్తనివాడు. గొంతు సవరించుకున్నాడు.

"అరే అంబదాస్, ఒక్క మాట జెప్పు, పంచాయితి ఒడుస్తది. అందరు దేవుండ్లు ఒక్కటే అను. మీ యేసు పటం గూడ గీ గోడకే తగిలేద్దాం. మేం గూడ మొక్కుతం. మాకేం పోయింది?"

"పటానికేముందే కాకా, ఎక్కడన్న తగిలెయ్యచ్చు," అన్నాడు అంబదాస్. "ఆయన దేవుండ్లల్ల ఒకడు గాదు. ఆయనే దేవుడు. నా కోసం మనిషై దిగొచ్చిండు. గది కాదని ఎట్లంటనే?"

"దిగొచ్చిండట!" హనుమండ్లు అందుకున్నాడు. "వచ్చి ఏం జేసిండురా? మన మార్కండేయుని మెడకు పాశం బడ్డనాడు శివుడేం జేసిండు? యముని రొమ్ము మీద తన్నిండు. దేవుడంటె గట్లుండాలె. నీవోడేమో తన్నులు దిన్నడు."

"అవునే హనుమండ్లన్నా, తన్నులు దిన్నడు. నాకు పడాల్సినయి."

"ఇనుండ్రి, ఇనుండ్రి!" హనుమండ్లు చేతులు బార్లా చాపాడు. "ఒకడు తప్పు జేసుడట, ఇంకోడు దెబ్బలు దినుడట! జేసినోడు కాలు మీద కాలేసుకొని కూసునుడు, జెయ్యనోడు మేకులకు యేలాడుడు. లోకంల యాడనన్న ఉన్నదా గీ న్యాయం? గిసొంటి దేవుణ్ని ఏ మొగ్గం మీద నేసిండ్రురా?"

"మొగ్గం మీద గాదన్నా, మస్కట్ జైల్ల నేసిండ్రు," అని వెనక నుంచి పర్శరాములు అరిచాడు. మళ్లీ నవ్వులు.

అది వాడకంతా తెలిసిన కథే. హనుమండ్లు, అంబదాస్ ఒకే విమానంలో మస్కట్ పోయారు, ఒకే గదిలో ఉన్నారు. కంపెనీ బండి కింద దారిన పోయే కూలీ ఒకడు పడి చనిపోతే కేసు అంబదాస్ మీద పడింది. అతనికి జైల్లో తోటి ఖైదీ దగ్గర యేసు దొరికాడు. హనుమండ్లు సంపాదించుకొచ్చి షెడ్డు నిండా సాంచాలు పెట్టుకున్నాడు. అంబదాస్ చాలా ఏండ్లకు నెరిసిన గడ్డంతో, ఉత్త చేతులతో దిగాడు. ఇప్పుడు ఎవరి షెడ్డులోనో కూలికి సాంచాలు నడుపుతున్నాడు.

"గా మాట అడుగుండ్రి," అన్నాడు పర్శరాములు. "మనిషి పానం దీసినోడు మనకు పాపం, పుణ్నెం జెప్తుండు. సంపినవా లేదా? సంఘం ముందట జెప్పు."

హనుమండ్లు వక్క నమలడం ఆపాడు.

అంబదాస్ తల దించుకున్నాడు. "శిక్ష పడ్డది. అనుభవించిన. గంతే."

"ఇన్నరు గద!" హనుమండ్లు చెంబెత్తి గటగటా నీళ్లు తాగాడు. "ఇగ మల్ల అడిగేదేముంది? తీసెయ్యాలెననేటోళ్లు చెయ్యెత్తుండ్రి."

అందరికంటే ముందు తనే ఎత్తాడు. ఒకదాని వెనక ఒకటి చేతులు లేచాయి. బుచ్చిరాములు చెయ్యి సగం దాకా లేచి, అటూ ఇటూ చూసి, పూర్తిగా లేచింది.

"నన్ను తీసెయ్యుండ్రి," అన్నాడు అంబదాస్. రెండు చేతులూ జోడించాడు. "అవ్వ ఏం జేసింది? దండం బెడత, ఆమె పోయిన్నాడు జర సాంచాలు ఆపుండ్రి."

"నువ్వే మోసుకపో! మీ దేవుడు కట్టె మోసిండు గద, నీకు నేర్పలేదా?" అన్నాడు హనుమండ్లు.

నవ్వులు, దగ్గులు, చెప్పుల చప్పుడు. భవనం ఖాళీ అయింది. హనుమండ్లు తాళం వేసి వెనక్కి తిరిగేసరికి అంబదాస్ ఇంకా మెట్టు కిందే ఉన్నాడు. సందు రెండువైపులా సాంచాలు దడదడలాడుతున్నాయి. మాట పక్కవాడికి కూడా వినిపించనంత మోత.

హనుమండ్లు వంగి, అతని చెవి దగ్గర గసిరాడు. "ఒక్క మాటతోని బయటపడుదువు గదరా పిచ్చోడా. ఎందుకనలే?"

"గా మాట నా నోట రాదు హనుమండ్లన్నా. అవ్వను మాత్రం యాది పెట్టుకో."

అంబదాస్ వెళ్లిపోయాడు. ఇంత లోకువ మనిషిని, వాడికి తగ్గ అంత లోకువ దేవుణ్ని ఎక్కడా చూడలేదనుకుంటూ హనుమండ్లు వక్క తుపుక్కున ఉమ్మేశాడు.

మస్కట్‌లో ఆ పొద్దు బండి నడిపింది హనుమండ్లే.