నీటికాకి సాక్ష్యం

"నిజం చెప్పు షబ్బీర్ భాయ్, ఈ చేపలు ఏట్లో పట్టినవేనా?"

రోహిణి చేతిలోని రిపోర్టు షబ్బీర్ ముందు పెట్టింది. చేపల్లోనూ, వాటిని తినే నీటికాకుల్లోనూ పాదరసం ఎంతుందో కొలవడానికి గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయి ఆమె. చేపల్లో ఎక్కువని తేలితే మాచవరం దగ్గర కృష్ణలో వేట ఆపేస్తారని రేవంతా ఒకటే గగ్గోలు. నలభై పడవల బతుకు మరి! అందుకే పోయిన నెల ఆమె ఒడ్డున రాలిన ఈకలు ఏరుకుంటుంటే, ఐసు పెట్టెలోంచి తాను పట్టిచ్చిన ఏటి చేపలు తీసేసి వేరేవి పెట్టేశాడు.

"ఏటియ్యేనమ్మా," అన్నాడు. అల్లా తోడు అని కూడా అనబోయి, మింగేశాడు.

"మరి ఇదేంది? ఈకల్లో పాదరసం లేనట్టే ఉంది. చేపల్లో మాత్రం ఉండాల్సినదానికి పది రెట్లు! తిన్న పిట్టలో ఇంకా ఎక్కువుండాలి గదా. నేనేం చేయను, చేపల రిపోర్టు చూసే వేట ఆపేస్తారు."

షబ్బీర్ రెండు చేతులూ జోడించాడు. "వద్దమ్మా, నీకు దణ్ణం పెడతా! అయ్యి ఏటియ్యి కాదు. భయపడి నేనే మార్చా."

రోహిణి మండిపడింది. తిట్టాల్సినంతా తిట్టి, చివరికి నిట్టూర్చింది. "అయితే పిట్టలు చెప్పిందే నిజం. మీ ఏరు బాగానే ఉంది. ఈసారి నా కళ్ల ముందు పట్టివ్వు."

షబ్బీర్‌కు ప్రాణం లేచొచ్చింది. పిచ్చోడిలా నవ్వాడు. మోపెడ్‌కు తగిలించిన క్యానులో, ఇంటికని పొద్దున పట్టిన కొరమేను టపటపా కొట్టుకుంటోంది.

"ఇంతకీ ఆ చేపలెక్కడివి?"

"ఊరవతల పాత క్వారీ గుంతయ్యి. నీళ్లు అద్దంలా ఉంటయ్యమ్మా."

"అందులో ఎవరన్నా ఏమన్నా పారబోస్తారా?"

"అప్పుడప్పుడు ట్యాంకర్లొస్తయ్యి. నీళ్లు తోడుకోటానికనుకున్నా."

రోహిణి మొహం మాడిపోయింది. "ఆ చేపలు ఎవరు తింటున్నా ఇవాళే మానిపించు భాయ్. కడుపుతో ఉన్నవాళ్లు తింటే లోపలి బిడ్డ మెదడు దెబ్బతింటుంది."

షబ్బీర్ నవ్వు ఆగిపోయింది. క్యాను వంక చూశాడు.

"మా అమ్మాయి ఫరాకి ఏడో నెల. ఏటి చేపలో విషముందేమోనని, మొదట్నుంచీ ఆ గుంత చేపే పెడుతున్నానమ్మా."