మనిషికి రెండు వేల అడుగులు

నల్లమల అడవి చూడ్డానికొచ్చినవాళ్ళకి ఇప్పుడు మనిషికి రోజుకి రెండు వేల అడుగులే! జనం తొక్కితొక్కి దారుల్లో గడ్డి కూడా మొలవకుండా పోయాక పెట్టిన రూలది. ప్రతి అడుగునీ నేలే లెక్కపెట్టుకుంటుంది. ఒక్కటి ఎక్కువైనా ఆ దారి నెల్లాళ్ళు మూత.

మూడేళ్ళు ఎదురుచూశాక హైమావతికి వంతు వచ్చింది. రెండు మూరల పొడవుండే పెద్ద ఉడుతని చూడాలని ఆమె ఆశ. తీరా బయల్దేరేసరికి గైడు ఈదమ్మ ఆమె భర్త భానోజీని ఆపేసింది.

"సారూ, మీ అడుగులన్నీ అయిపోయినయ్."

"అయ్యో, పొద్దున్నే మేం దిగిన గుడిసె చుట్టూ వాకింగ్ చేశానే!" అతని చేతి గడియారం అందుకు శభాష్ అని కూడా మెచ్చుకుంది.

"జంటగా వచ్చినోళ్ళు జంటగానే పోవాలమ్మా," అంది ఈదమ్మ.

"మీ వాకింగ్ మండిపోనూ!" హైమావతికి ఏడుపొక్కటే తక్కువ. "ఈదమ్మా, ఈయన్ని నేను మోస్తే ఎవరి అడుగులు లెక్క?"

ఈదమ్మ ఆలోచించి పకపకా నవ్వింది. "నేల మీద పడేటియి మీవే గదమ్మా!"

భానోజీ బక్కపలచని మనిషి. హైమావతి రోజూ నీళ్ళ డబ్బాలు మూడంతస్తులు ఎక్కించే మనిషి. చున్నీ నడుముకి బిగించి, మొగుణ్ణి వీపున ఎక్కించుకుని, ఉడుత గూడున్న మద్దిచెట్టు దాకా ఈదమ్మ వెంట నడిచింది. పైకొమ్మ మీద ఎర్రటి ఉడుత తోక వేలాడేసి, ఈ రెండు తలల వింత జంతువుని గుడ్లప్పగించి చూస్తోంది!

సరిగ్గా అప్పుడే గడియారం అంది: "చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు. లేచి నాలుగడుగులు వెయ్యండి."

"కదిలారో, ఇక్కడే వదిలేసి పోతా," గొణిగింది హైమావతి.

భానోజీ గడియారం విప్పి ఈదమ్మకిచ్చేసి, పెళ్ళాం మెడని గట్టిగా వాటేసుకున్నాడు.