చప్పుడు చేయని తలుపు

కారు షెడ్డుకి పాత షట్టర్ ఉన్నప్పుడు, అది దించితే చాలు, పాప ఉలిక్కిపడి లేచేది. రెక్కల తలుపులైతే తెరవడానికి చోటు చాలదు. అందుకని మా ఆయన చప్పుడు లేకుండా కిందికి దిగే తలుపు పెట్టించారు. అడ్డం ఏదన్నా ఉంటే దానంతటదే ఆగి, తిరిగి పైకి పోతుంది.

ఆ రాత్రి లోపల నిలబడి మీట నొక్కాను. తలుపు మోకాలి ఎత్తుదాకా దిగి వెనక్కి పోయింది. గడప దగ్గర ఏమీ లేదు. అడ్డాన్ని కనిపెట్టే సెన్సర్‌ని కొంగుతో తుడిచి మళ్ళీ నొక్కాను. మళ్ళీ అంతే.

డ్యూటీలో ఉన్న ఆయనకి ఫోన్ చేశాను.

"ఏ పురుగో అయ్యుంటుందిలే. నీకు అన్నిట్లోనూ దయ్యాలే."

"పక్క గదిలో పాప ఒక్కతే పడుకునుందండీ."

"ఇంకోసారి నొక్కు."

నొక్కాను. ఈసారి ఎక్కడా ఆగకుండా నేలదాకా దిగింది.

"దిగిందా? చూశావా, అడ్డం పోయింది."

"ఎటు పోయిందండీ? బయటికా, లోపలికా?"