పచ్చ మిషన్, నల్ల మిషన్

స్టీఫెన్ బాలానగర్ వచ్చి రెండు గంటలైంది. ఇనుము చెక్కే లేత్ మిషన్ ఏది కొనాలో ఇంకా తేలలేదు.

నరేందర్ పాత మిషన్ల షెడ్డులో అతనికి సరిపోయేవి రెండే ఉన్నాయి. ఒకటి పచ్చది, కొత్త రంగుతో తళతళలాడుతోంది. ఇంకొకటి నల్లది, జిడ్డు పట్టి మూలన ఉంది.

హైటెక్ సిటీలో పదిమంది రాసిన కోడ్‌లో తప్పులు పట్టే మనిషి అతను. నలభై వీడియోలు చూసి మరీ వచ్చాడు. ఒక్కో వీడియో ఒక్కో మాట చెప్పింది. ఇప్పుడు బుర్రలో అన్నీ కలగాపులగమైపోయాయి.

కావలసింది మాత్రం చిన్నదే. జేబులోంచి అరిగిన బుష్ ఒకటి, ఇరుసుకు తొడిగే చిన్న గొట్టం ముక్క, తీసి చూపించాడు.

"మా పాప వీల్‌చైర్‌లో ముందు చక్రానిదండి. ఈ మోడల్ ఇప్పుడు రావట్లేదు. బయట రెండుసార్లు చేయిస్తే ఒకటి వదులు, ఒకటి బిగుతు. అందుకే ఇంట్లో నేనే చేసుకుందామని."

బుష్ అరిగినప్పటి నుంచి కుర్చీ ఎడమకు లాగుతోంది. స్కూల్లో ర్యాంపు మీద దీవెన ఒకసారి పడబోయింది. ఇప్పుడు ఎవరైనా పట్టుకుంటే తప్ప దిగడం లేదు. పదమూడేళ్ల పిల్లకు అదెంత నామోషీయో స్టీఫెన్‌కు తెలుసు.

"అయితే పచ్చది తీస్కోండ్రి సార్. ఏం ఫికర్ లేదు," అన్నాడు నరేందర్.

అంతలో ఫోన్ వచ్చి, మాట్లాడుతూ బయటికి వెళ్లాడు.

షెడ్డు ఊడుస్తున్న ఆమె చీపురు పక్కన పెట్టింది. యాభై దాటిన మనిషి.

"ఏదీ, అది జర ఇటియ్యున్రి సారు."

బుష్‌ను రెండు వేళ్ల మధ్య తిప్పింది. లోపల చిటికెన వేలు పెట్టి చూసింది.

"ప్లాస్టిక్‌ది గద, అరగక ఏమైతది. గన్‌మెటల్ పెట్టాలె."

స్టీఫెన్ పచ్చ మిషన్ వైపు చూశాడు.

"పచ్చది వద్దు సారు. ముక్కను పట్టే చక్ కాడ, కింద బెడ్ పట్టాలు అరిగినయ్. గోరు పెట్టి చూడున్రి."

పెట్టి చూశాడు. ఏదో తగిలినట్టే ఉంది, తగలనట్టే ఉంది.

"మరి ఆ నల్లది?"

"అది మా మిషనే. మా కంపెనీ మూతబడ్డంక ఈడికొచ్చింది. దాని ఎంట నేనొచ్చిన."

"మీ ఆయన నడిపేవారా?"

ఆమె నవ్వింది. నల్ల మిషన్ చక్‌ను చేత్తో ఒక్క తిప్పు తిప్పింది. అది చప్పుడు లేకుండా తిరిగి ఆగింది.

"ఇది తీస్కోండ్రి సారు. మీ ఇంటికాడ పనుంటే నేను గూడ వస్త."

ఓహో, ఇదా సంగతి అనుకున్నాడు స్టీఫెన్. ఇంతసేపూ చెప్పింది పని కోసమన్నమాట.

"మాకు పనిమనిషి ఉందమ్మా," అన్నాడు మర్యాదగానే.

ఆమె బుష్‌ను నల్ల మిషన్ మీద పెట్టి చీపురు అందుకుంది.

ఊడ్చే ఆమె మాట విని లేత్ కొన్నానంటే భార్య లీదియా నెలరోజులు నవ్వుతుంది. స్టీఫెన్ పచ్చదే కొన్నాడు.

నల్లగండ్లలో ఇంటి కింద, కారు పెట్టే చోట మిషన్ దిగింది. కొలతలు ఫోన్‌లో ఉన్నాయి. వారం రోజుల్లో ఆరు బుష్‌లు చేశాడు. ప్రతిదీ ఒక చివర లావు, ఒక చివర సన్నం.

తప్పు తన చేతిదా, మిషన్‌దా, వీడియోలదా? ఏమీ అర్థం కాలేదు. పోల్చి చూద్దామంటే పాత బుష్ కనిపించలేదు. దాన్ని షెడ్డులోనే మరిచిపోయి వచ్చాడు.

శనివారం మళ్లీ బాలానగర్ వెళ్లాడు. నల్ల మిషన్ ఉన్నచోట నేల మీద జిడ్డు మరకలే మిగిలాయి.

"అది మొన్ననే పోయింది సార్. జీడిమెట్లాయన కొనుక్కపోయిండు," అన్నాడు నరేందర్. "మీ సామాన్ ఉన్నది, ఆగున్రి."

చిన్న కాగితం పొట్లం తెచ్చి ఇచ్చాడు. విప్పితే పాత బుష్‌తో పాటు రెండు కొత్తవి ఉన్నాయి. గన్‌మెటల్‌వి.

"ఇవెవరు చేశారండి?"

"చంద్రమ్మ. గా ఊడ్చే ఆమె. మిషన్ లారీ ఎక్కే ముందు కూసొని చేసింది."

"ఆవిడ చేయడమేంటి? నడిపింది వాళ్లాయన కదా?"

"వాళ్లాయన ఆటో నడిపేటోడు సార్. ఆ మిషన్ ఇరవై ఆరేండ్లు నడిపిన టర్నర్ ఆమెనే. ఆమె పనికొస్తనంటెనే మిషన్ తీస్కున్నడు జీడిమెట్లాయన."

"నాకు చెప్పలేదేంటండి?"

"మీరు అడగలే గద సార్."

సాయంత్రం స్టీఫెన్ కుర్చీని తిరగేసి బుష్‌లు పెట్టాడు. వదులు లేదు, బిగుతు లేదు.

దీవెన గేటు ముందున్న వాలు మీద ఒక్కతే కిందికి దిగింది. మళ్లీ ఒక్కతే ఎక్కి వచ్చింది. ముఖమంతా నవ్వే.

"ఎవరు చేశారు డాడీ?"

స్టీఫెన్ పాత బుష్‌ను జేబులో వేసుకున్నాడు.

"మనింటికి పనికొస్తానని అడిగిందమ్మా ఒకావిడ. మనకు పనిమనిషి ఉందని చెప్పాను."