దుర్యోధనుడి వరస

"ఏం ఎలీషా, పర్చూరు నాటకంలో దుర్యోధనుడి పద్యానికి కట్టిన వరసే ఇవాళ్టి పాటకీ కట్టావంట?" గుడి మెట్ల మీదే నిలదీశారు పాస్టరుగారు.

ఎలీషా హార్మోనియం భుజం మార్చుకున్నాడు. "వరస నాదేగా అయ్యగారూ! అంత మంచిది దుర్యోధనుడికిచ్చి, దేవుడికి ఇవ్వకపోతే ఏం బాగుంటదండీ?"

"గుళ్లో నాటకం వాసన తగిలిందా, వచ్చే ఆదివారం ఆ పెట్టె ముందు ఇంకొకరు కూర్చుంటారు."

ఆరాధనలో ఎలీషా భయంభయంగానే వాయించాడు. అతని భార్య దేవకుమారి మాత్రం గొంతు తగ్గించలేదు. చివర్లో కళ్లు మూసుకుని పొడుగ్గా రాగం తీసింది.

"వన్స్ మోర్!"

కేక ప్రసంగం మైకులోంచి వచ్చి గుడంతా మోగింది. సంఘమంతా అటు చూసింది. మైకు ముందు పాస్టరుగారొక్కరే ఉన్నారు, చెయ్యి పైకెత్తి.

"చిత్తం అయ్యగారూ," అంటూ ఎలీషా మళ్లీ పల్లవి ఎత్తుకున్నాడు.